బోణీ కాకముందు ఓటు

తెనాలిలో మాది మ్యాచింగ్ సెంటర్. అంటే జాకెట్టు ముక్కలు, లైనింగులు, ఫాల్స్, లంగాలు. చీర ఎక్కడ కొన్నా, ఎవరు పెట్టినా, దానికి సరిపోయే జాకెట్టు కోసం చివరికి మా మెట్లెక్కాల్సిందేనని మా మామగారు గొప్పగా చెప్పుకునేవారు. ఆయన తర్వాత కొట్టు నా చేతికొచ్చింది. మా ఆయనకు బాపట్లలో బ్యాంకు ఉద్యోగం. పొద్దున్నే రైలెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే ఇల్లు చేరతారు. ఆయనకు చిలకపచ్చకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు కనుక ఈ ఏర్పాటు ఇద్దరికీ సుఖంగానే ఉంది.

మా బజారు ఈ చివర నుంచి ఆ చివరి దాకా బట్టల కొట్లే. మామూలు రోజుల్లో ఐదు నిమిషాల్లో నడిచెయ్యొచ్చు, పెళ్ళిళ్ళ రోజుల్లో అరగంట పడుతుంది. కొనడానికి వచ్చేవాళ్ళలో ముప్పాతిక మంది ఆడవాళ్ళు. కొట్లలో చీరలు విప్పి చూపించేవాళ్ళలో సగం మంది ఆడపిల్లలు. ఇంతమంది ఆడవాళ్ళు తిరిగే బజారులో వాళ్ళు వెళ్ళడానికి ఒక్క మరుగుదొడ్డి లేదు. మగవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, వాళ్ళకు కాలవ గట్టంతా సొంతమే. నేను పొద్దున ఇంట్లో కాఫీ తాగి వచ్చానంటే, మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళేదాకా గొంతులో చుక్క నీళ్ళు పోసేదాన్ని కాదు. మే నెలలో కూడా అంతే. అలవాటైపోయిందని అందరికీ చెప్పేదాన్ని కానీ, నిజానికి అది అలవాటయ్యే విషయం కాదు.

నా ఇల్లు దగ్గర కనుక నాకు మధ్యాహ్నం పూటైనా గండం గడిచేది. నా దగ్గర పనిచేసే అమ్మాయి రోజూ రేపల్లె నుంచి రైల్లో వస్తుంది. తనకు ఆ దారి కూడా లేదు. పొద్దున సీసా నిండా నీళ్ళు తెచ్చుకుని సాయంత్రం దాదాపు అలాగే వెనక్కి పట్టుకెళ్ళేది. కిందటి వేసవిలో మంట, జ్వరం, నడుంనొప్పి అంటూ వారం రోజులు రాలేదు. వచ్చిన రోజున లైనింగు బట్ట తాను మడుస్తూ, నా మొహం చూడకుండా చెప్పింది.

"అక్కా, ఈ పెళ్ళిళ్ళు అయిపోయాక మానేస్తానండి. నీళ్ళు బాగా తాగకపోతే మళ్ళీ వస్తుందన్నారు డాక్టరు గారు. తాగితేనేమో ఇక్కడ ఉండలేను. మీకు ముందే చెబితే ఇంకొకళ్ళని చూసుకుంటారని చెబుతున్నానండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు. ఇంకొకళ్ళని చూసుకుంటే ఆ ఇంకొకళ్ళకు మాత్రం నీళ్ళు అక్కర్లేదా? పదో తరగతి అవగానే నా దగ్గర చేరి, తమ్ముడి చదువు తన జీతంతో నడిపిస్తున్న పిల్ల, ఉద్యోగం వదులుకోవాల్సింది ఇందుకా? కొన్నాళ్ళు మధ్యాహ్నం స్కూటీ మీద నాతో ఇంటికి తీసుకెళ్ళాను. ఇద్దరం వెళ్ళేసరికి కొట్టుకు తాళం, తాళం చూసి బేరాలు పక్కకి. ఇలా లాభం లేదని ఒకరోజు మా వర్తక సంఘం ప్రెసిడెంటు దగ్గరికి వెళ్ళాను.

ఆయనది పిల్లల రెడీమేడ్ కొట్టు. నేను అన్నయ్య గారూ అంటాను. మాట మెత్తన, పని నెమ్మది. కానీ పట్టుకుంటే వదలని మనిషి. విషయం చెబుతుంటే నేలచూపులు చూశారు గానీ, మర్నాడే మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళారు. తిరిగి తిరిగి నెల తర్వాత ఒక మాట పట్టుకొచ్చారు. బజారు చివర పాత పంపు దగ్గరున్న జాగా ఇస్తారు, నీళ్ళ లైనూ ఇస్తారు. కట్టుకోవడం, మనిషిని పెట్టి శుభ్రంగా నడుపుకోవడం బజారు వాళ్ళే చూసుకోవాలి. దానికి బజారంతా ఒప్పుకున్నట్టు సంఘం తీర్మానం కావాలి.

అన్నయ్య గారు ఆలోచించి ఒక ఉపాయం చెప్పారు. ప్రతి కొట్టూ ప్రతి బిల్లు మీదా ఒక రూపాయి అదనంగా వేయాలి. దాని పేరు బజారు రూపాయి. ఆ డబ్బుతో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి, మధ్యాహ్నం పూట ఇంకొకసారి ఊడ్పు, మలుపు దగ్గర రెండు లైట్లు.

ఒక్క రూపాయి. మా బజారులో ఆ రూపాయి లేపిన దుమ్ము ఇంతా అంతా కాదు. జీఎస్టీ చాలక ఇప్పుడు మన పన్ను కూడానా అన్నారు. రూపాయి చూసి జనం గుంటూరు మాల్‌కు పోతారన్నారు. గుంటూరు వెళ్ళడానికి బస్సు చార్జీ ఎంతో ఎవరూ లెక్క వేయలేదు. పది వేల చీర కొన్నవాడూ రూపాయే, పది రూపాయల హుక్స్ కొన్నవాడూ రూపాయేనా అని లుంగీల కొట్టాయన న్యాయం అడిగాడు. ఆయన అడిగినదానిలో న్యాయం ఉందని నాకూ అనిపించింది కానీ, ఆ సమయంలో ఒప్పుకుంటే నాకే నష్టమని ఊరుకున్నాను. చివరికి వంద దాటిన బిల్లుకే అని సర్దుబాటు చేశారు.

అందరికంటే గట్టిగా అడ్డం పడింది మూల మీద పట్టుచీరల కొట్టు బాబాయి గారు. బజారులో పెద్దకొట్టు అదే, పెద్దమనిషీ ఆయనే. తూకం వేసినట్టు మాట్లాడతారు. "నా బిల్లు మీద చీరకు తప్ప ఇంకోదానికి డబ్బు తీసుకోలేదమ్మా ఇంతవరకూ. ఇవాళ దొడ్డి కోసం రూపాయి వేస్తే, రేపు ఇంకోదానికి ఐదు వేస్తారు. మొదలంటూ పెడితే ఆగదు," అన్నారు నాతో. ఆయనకు నా మీద కోపం లేదు. అందుకే నాకు మరీ కోపం వచ్చేది.

సంఘం మీటింగులు మామూలుగా రాత్రి కొట్లు కట్టేశాక జరుగుతాయి. ఈసారి సాయంత్రాలన్నీ పెళ్ళిళ్ళే. అందరం అమ్మే చీరలు ఎవరో ఒకరి పెళ్ళివే కనుక, పిలిచిన చోటికి వెళ్ళకపోతే బాగుండదు. అందుకని అన్నయ్య గారు పొద్దున్నే షట్టర్లు ఎత్తాక మీటింగు పెట్టారు. ఆయన కొట్టు ముందే కుర్చీలు, ఇడ్లీ, కాఫీ. ఇడ్లీ తినేటప్పుడు ఎవరికీ ఏ ఇబ్బందీ కనిపించలేదు.

ఇక్కడ మా బజారు పద్ధతి ఒకటి చెప్పాలి. బోణీ కాకముందు మేము లేదు, వద్దు, కాదు అనే మాటలు నోట్లోంచి రానివ్వం. మొదటి బేరానికి వచ్చినావిడ అడిగిన రంగు లేకపోతే "వస్తుందమ్మా, రెండ్రోజుల్లో వస్తుంది" అంటాం. అరువు అడిగితే నవ్వి కూర్చోమంటాం. చందాకు వచ్చినవాడు కూడా ఈ సంగతి తెలిసి పొద్దున్నే వస్తాడు. బాబాయి గారైతే బోణీ నోటు కళ్ళకద్దుకోనిదే ఫోన్లో కూడా ఎవరికీ కాదనరు. స్కానర్ మీద వచ్చిన డబ్బు బోణీ కిందికి రాదని ఆయన వాదన. దాని మీద మా బజారులో ఇప్పటికీ రెండు పార్టీలు.

ఇడ్లీలు అయ్యాక అన్నయ్య గారు లేచి విషయమంతా చదివి వినిపించారు. చదివి, తొందరగా తేల్చేద్దామని, "వద్దనేవాళ్ళు చేతులెత్తండి," అన్నారు.

ఒక్క చెయ్యి లేవలేదు. లుంగీల కొట్టాయన చెయ్యి మోకాలి మీద నుంచి కాస్త లేచి, మళ్ళీ కిందికి దిగింది. బాబాయి గారు కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. ఎవరికీ బోణీ కాలేదు. అన్నయ్య గారు ఒకసారి అటూ ఇటూ చూసి, తనకే నమ్మకం లేనట్టుగా, "అయితే అందరూ ఒప్పుకున్నట్టేనండి," అన్నారు. ఆయన కావాలని చేశారని తర్వాత చాలామంది అన్నారు. నేను నమ్మను. అంత తెలివి ఉంటే ఆయన కొట్టు ఇంకా బాగా నడిచేది.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. రేపల్లె అమ్మాయికి చెబితే నమ్మలేదు. "అందరూనా అక్కా? బాబాయి గారు కూడానా?" అని రెండుసార్లు అడిగింది. ఆ సంబరం పదకొండు దాకా నిలిచింది. పదకొండుకు అందరికీ బోణీలయ్యాయి. నోళ్ళు తెరుచుకున్నాయి. ఒకరి వెనక ఒకరు అన్నయ్య గారి కొట్టుకు వెళ్ళి, అది ఓటే కాదు, బోణీ కాకముందు ఎవరైనా వద్దంటారా, మళ్ళీ పెట్టాల్సిందేనని పట్టుబట్టారు. బాబాయి గారు అందరి తర్వాత వెళ్ళి, నిదానంగా అదే మాట అన్నారు. అన్నయ్య గారు కాదనలేకపోయారు. ఆదివారం మధ్యాహ్నం, అందరికీ బోణీలయ్యాక, గుప్పిట్లో పెట్టి వేసే రహస్య ఓటు అని తేల్చారు. రెండు వైపులా సమానంగా వస్తే రూపాయి లేనట్టే అని కూడా అప్పుడే రాసుకున్నారు.

ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సహించలేదు. మా ఆయన బాపట్ల నుంచి వచ్చి, "గెలిచిన ఎన్నిక ఓడిపోయినదానివి నువ్వేనేమో," అని నవ్వారు. ఆ రోజు ఆయనకు పెరుగు వేయలేదు.

ఓటుకు కాగితాలెందుకు, మీ కొట్లో ముక్కలున్నాయిగా అన్నారు అన్నయ్య గారు. సరే అంటే పచ్చముక్క, వద్దంటే ఎర్రముక్క. మా కొట్లో కత్తిరింపులకు కరువా? రేపల్లె అమ్మాయి గోతం దగ్గర కూర్చుని అందరికీ తలా ఒక పచ్చది, తలా ఒక ఎర్రది ఏరి పెట్టింది. ఓట్లు వేయడానికి బాబాయి గారు పట్టుచీర పెట్టె ఇచ్చారు. ఓటు ఎటు వేసినా పెట్టె మాత్రం బజారులోకెల్లా మంచిది ఇవ్వాలనే మనిషి ఆయన.

ఆదివారం మధ్యాహ్నం ఓటుకు ముందు ఎవరైనా మాట్లాడతారా అని అడిగారు. సంఘం మీటింగులో నేను అంతవరకు కాఫీ బాగుందని తప్ప ఏమీ మాట్లాడలేదు. కొట్టు నడిపే ఆడవాళ్ళం నలుగురమే. మిగతా ముగ్గురూ నా వైపు చూశారు. లేచి నిలబడ్డాను. ఏదేదో అనుకుని వెళ్ళాను, అన్నీ మర్చిపోయాను. చివరికి బాబాయి గారినే అడిగాను.

"బాబాయి గారూ, పెళ్ళిబట్టలకు వచ్చినవాళ్ళకి మీరు మజ్జిగ ఇప్పిస్తారు కదండీ. ఆడవాళ్ళు తాగుతారా?"

"తాగరమ్మా. గ్లాసు ముట్టుకుని పక్కన పెడతారు. మన మజ్జిగ బాగోలేదేమో అనుకుని మనిషిని కూడా మార్చాను."

"మజ్జిగ బాగానే ఉంటుందండి. తాగితే ఎక్కడికి వెళ్ళాలో తెలియక తాగరు. చీర నచ్చి కూడా సగంలో లేచి, మళ్ళీ వస్తామని వెళ్ళిపోతారే, ధర ఎక్కువ చెప్పారని కాదండి. ఇంటికెళ్ళాలని. నేను తొమ్మిదింటి నుంచి నీళ్ళు తాగను. మీ కొట్లో పిల్లలు తాగరు. నా దగ్గరున్న పిల్ల జబ్బుపడి మానేస్తానంటోంది. ఇంతకన్నా నాకు మాట్లాడటం చేతకాదండి."

చెప్పి కూర్చున్నాను. మొగుళ్ళు పెళ్ళాలతో కూడా మాట్లాడని విషయం బజారు మధ్యలో మాట్లాడానని ఒకరిద్దరు మొహాలు తిప్పుకున్నారు. లుంగీల కొట్టాయన మాత్రం తల గోక్కుంటూ, "మళ్ళీ వస్తామనేది అందుకా," అని పక్కాయనతో అనడం వినిపించింది.

ఒక్కొక్కరూ వెళ్ళి గుప్పిట పెట్టెలో పెట్టి వచ్చారు. అన్నయ్య గారు మూత తీసి ముక్కలు బల్ల మీద రెండు వరుసలుగా పేర్చారు. పచ్చ, ఎర్ర, ఎర్ర, పచ్చ. చివరికి రెండు వరుసలూ సమానంగా నిలిచాయి. పెట్టె అడుగున ఒక్క ముక్క మిగిలింది. అన్నయ్య గారు దాన్ని తీసి వెలుతురుకు పట్టుకున్నారు. అది నెమలికంఠం రంగు. ఏరేటప్పుడు పచ్చముక్కల్లో కలిసిపోయింది. రేపల్లె అమ్మాయి మా కొట్టు మెట్ల మీద నుంచి చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇక మొదలైంది. అది నీలం, చెల్లదన్నారు కొందరు. పచ్చే, చెల్లుతుందన్నారు కొందరు. నన్ను అడగబోయారు గానీ, నేను చెబితే ఎవరు ఒప్పుకుంటారు? వేసినవాళ్ళు లేచి చెప్పండి అంటే రహస్య ఓటు కదా, ఎవరూ లేవరు. గోల పెరిగింది. అన్నయ్య గారు ఎటూ చెప్పలేక ఆ ముక్కను బాబాయి గారి చేతిలో పెట్టారు. రంగు విషయంలో బజారులో ఆయన మాటకు తిరుగులేదు.

బాబాయి గారు కళ్ళజోడు సవరించుకుని, ముక్కను ఎండలోకి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పారు. ఆయన నీలం అంటే అంతా అయిపోతుంది. ఆయన ఎర్రముక్క వేశారని అందరికీ తెలుసు.

"నెమలికంఠం పచ్చ కిందే వస్తుందండి," అన్నారు వెనక్కి వచ్చి. "నలభై ఏళ్ళుగా పచ్చ వరసలోనే పెట్టి అమ్ముతున్నాను. పెళ్ళికూతురికి పచ్చచీర అడిగినవాళ్ళకి కూడా ఇదే ఇచ్చాను. ఇవాళ నీలం అంటే వాళ్ళందరినీ మోసం చేసినట్టు."

ముక్క బల్ల మీద పచ్చవరసలో పెట్టి, చెప్పులేసుకుని కొట్టుకు వెళ్ళిపోయారు. నాకు ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. అంతవరకు ఆయన మీద పెంచుకున్న కోపమంతా ఏం చేసుకోవాలో తెలియలేదు.

కట్టడం వర్షాకాలం వెళ్ళేసరికి పూర్తయింది. టైల్సు, గొళ్ళెం గట్టిగా పడే తలుపులు, చూసుకోవడానికి ఒక పెద్దావిడ. రేపల్లె అమ్మాయి మానేయలేదు. మొదట్లో వెళ్ళేటప్పుడు అందరూ చూస్తున్నారేమోనని చేతిలో ఒక జాకెట్టు ముక్క పట్టుకుని, రంగు చూపించడానికి వెళ్తున్నట్టు వెళ్ళేది. తర్వాత అదీ మానేసింది. రూపాయి కోసం ఏ బేరమూ గుంటూరు పోలేదు. బాబాయి గారు మాత్రం ఆ రూపాయి బిల్లులో వేయకుండా, నెలకింతని తన చేతి డబ్బే కట్టేవారు. మాట మాటే, పట్టుదల పట్టుదలే.

ఇలా రెండు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం బాబాయి గారి భార్య మా కొట్టుకొచ్చారు. నేను ఆవిడను పెళ్ళిళ్ళలో చూడటమే తప్ప బజారులో ఎన్నడూ చూడలేదు. మీ పిన్నికి వ్యాపారమంటే గిట్టదమ్మా అని బాబాయి గారు చెబుతుండేవారు. ఆవిడ స్టూలు మీద కూర్చుని, జాకెట్టు ముక్క తీసుకుని, కొత్తగా కట్టింది ఎటువైపమ్మా అని అడిగి వెళ్ళొచ్చారు. వచ్చి పైటతో చేతులు తుడుచుకుంటూ, "బాగా కట్టారమ్మా. ఇదే అప్పుడు ఉంటేనా," అన్నారు.

"ఎప్పుడండీ పిన్నిగారూ?"

"పెళ్ళయిన కొత్తలో నేనూ కొట్లో కూర్చునేదాన్ని. చీర మడతలు, లెక్కలు అన్నీ నేనే చూసేదాన్ని. ఎంత ఇష్టమో. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా బిగబట్టుకుని కూర్చోలేక ఆర్నెల్లకు మానేశాను. కడుపుతో ఉన్నాను కూడాను."

నన్ను పలకరించడానికో, ఆవిడను పిలవడానికో, బాబాయి గారు అప్పటికే మా మెట్ల మీద ఉన్నారు. ఆయన విన్నారని ఆయన మొహంలోనే తెలిసింది. ఆయన మొహం అలా చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పలేదేంటి?" అన్నారు.

ఆవిడ కోపంగా ఏమీ అనలేదు. "మీరు అడగలేదండి. రేపటి నుంచి రానంటే, సరే అన్నారు."

బాబాయి గారు మొలలోంచి గల్లాపెట్టె తాళాలు తీసి ఆవిడ చేతిలో పెట్టి, ఇంటికెళ్ళి భోజనం చేసి వస్తానని, మెట్లు దిగి వెళ్ళిపోయారు.